తిట్టకుండా పంపిన మాట

కువైట్ అబూ హలీఫాలో మావాళ్లు ఏ పేరంటానికి కలిసినా నా గురించి ఒక కథ చెప్పుకుంటారు. నేను వంటింట్లో ఉంటే హాల్లో చెప్పుకుంటారు, హాల్లోకి వస్తే వంటింట్లోకి మారతారు. ఆ కథ ఇదీ: "ఆవిడ నోరు మహా చెడ్డదండీ. కువైట్‌లో సగం మందిని తిట్టేసింది, మిగతా సగం సెలవులో ఊరెళ్లారు కాబట్టి బతికిపోయారు. అలాంటావిడ ఫోనులో ఏఐ పెట్టుకుని మాట్లాడ్డం నేర్చుకుంది. ఇప్పుడు చూడండి, వెన్నపూస!"

ఇందులో నిజం ఒక్కటే, నోరు చెడ్డదన్నది. వెన్నపూస నేనెప్పుడూ కాలేదు, ఆ కోరికా లేదు. మంచిదాన్ని అవుదామని నేను ఆ యంత్రం దగ్గరికి వెళ్లలేదు, ఉద్యోగం ఊడకుండా ఉండాలని వెళ్లాను. పైగా అవతలివాళ్ల నోరు మూయించే కిటుకేదైనా చెబుతుందేమోనన్న ఆశతో వెళ్లాను. అదంతా పోనీ. ఈ కథ చెప్పేవాళ్లు అసలు మనిషిని వదిలేసి చెబుతారు. ఆమె లేకుండా ఈ కథ వింటే నాకు ఒళ్లు మండుతుంది. అందుకని నేనే రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరి, ప్రతి మాటా ముందు ఫోనుకి చూపించి తర్వాత మనుషులకి చెప్పే పిల్లలు ఒకసారి చదవండి. చదివాక వాదించాలనిపిస్తే రండి. వాదన నాకు కొత్త కాదు.

నేను పనిచేసింది ఒక పళ్ల ఆసుపత్రిలో, ముందు బల్ల దగ్గర. వచ్చినవాళ్లకి టైము ఇవ్వడం, ఆలస్యమైతే వాళ్లు అరిస్తే వినడం, ఇదీ జీతమిచ్చే పని. జీతం లేని పని ఇంకొకటి ఉండేది. పెళ్లై ఇక్కడికొచ్చిన కొత్తలోనే అరబీ పట్టుబడింది కాబట్టి, అక్కడ ఊడ్చే, తుడిచే, టీలు పెట్టే మన ఆడవాళ్ల తరఫున మేనేజరుతో మాట్లాడేది నేనే. ఒకరికి సెలవు, ఒకరికి ఇఖామా, అదే ఇక్కడ ఉండే అనుమతి కాగితం, రెన్యువల్, ఒకరికి డ్యూటీ మార్పు. వాళ్లలో ఎక్కువమంది కడప, రాయచోటి వైపువాళ్లు. నేను కోనసీమదాన్ని. నేను ఒక మాట అంటే వాళ్లు నవ్వేవాళ్లు, వాళ్లు ఒక మాట అంటే నేను రెండోసారి అడిగేదాన్ని.

నా దగ్గరికి పనిమీద వచ్చినవాళ్లందరికీ ఒక ఆనవాలు తెలుసు. నేను తిడితే పని అయినట్టు. సెలవు కావాలని వస్తే, "ఇప్పుడా చెప్పడం? నెల ముందు నీ నోట్లో ఏం పెట్టుకున్నావే? టికెట్ ధర పెరిగాక గుర్తొచ్చిందా మీ ఊరు?" అని నేను లంకించుకున్నానంటే, ఆ పిల్ల నవ్వుకుంటూ బయటికి వెళ్లేది. బయట నిలబడ్డవాళ్లు "తిట్టిందా?" అనేవాళ్లు. "తిట్టింది." "అయితే సామాన్లు సర్దుకో పో."

మేనేజరు కాదన్నప్పుడు మాత్రం నాకు తిట్లు వచ్చేవి కావు. కాదన్న మాట మోసుకొచ్చి, పైన తిట్లు కూడానా? కుర్చీ లాగి "కూర్చోమ్మా" అనేదాన్ని. మంచినీళ్లు ఇచ్చేదాన్ని. ఆ "కూర్చోమ్మా" వినగానే వాళ్లకి కళ్లల్లో నీళ్లు తిరిగేవి. నేను విషయం చెప్పాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఈ ఆనవాలు కనిపెట్టిందీ, కొత్తగా వచ్చినవాళ్లకి నేర్పిందీ ఒకే మనిషి. రాయచోటి పక్క పల్లె ఆమెది. శుభ్రం చేసే పని కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ తరఫున మా ఆసుపత్రిలో టీలు పెట్టేది, నేల తుడిచేది. నాకంటే రెండు మూడేళ్లు చిన్నది కావచ్చు, నోట్లో మాత్రం సమ ఉజ్జీ. మొదటి రోజే నాకు టీ తెచ్చింది. నోట్లో పోసుకుంటే పాకం.

"ఇది టీ అంటారా? చక్కెర తక్కువ వెయ్యమన్నానా లేదా?"

"వేసినాను మేడమ్, తక్కవే వేసినా. మీ నోరు చేదుగా ఉండాది, అందుకు తీపనిపిస్తాండాది."

నాకు ఎదురు చెప్పిన మనిషిని చూసి అప్పటికి చాలా కాలమైంది. "ఏమే, సంగటి తిన్న బలమా ఇది?" అన్నాను. "యేం, పుస్తెలమ్మి పులస తినేటోళ్లకే ఉండాల్నా బలం?" అంది. మేడమ్ అన్న మాట ఆ రోజుతో పోయింది. ఆ తర్వాత నేను గోదారమ్మని.

ప్రతి ఉదయం ఇదే తంతు. ఆమె టీ తెస్తుంది, నేను "కుడితి" అంటాను, ఆమె ఏదో ఒకటి అంటిస్తుంది, అప్పటికి గాని నాకు తెల్లవారదు. చక్కెర ఎన్నడూ తగ్గించలేదు. నేను ఎన్నడూ వదిలిపెట్టకుండా తాగాను. డాక్టర్లు మేమిద్దరం నిజంగా దెబ్బలాడుకుంటున్నామనుకుని ఒకసారి మేనేజరుకి చెప్పారు కూడా. ఆయన ఈజిప్టు మనిషి, నెమ్మదస్తుడు. మా ఇద్దర్నీ పిలిచి రాజీ చేయబోయాడు. బయటికొచ్చాక ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. "పాపం సామి, మనం కొట్లాడతాండామనుకున్యాడు!"

ఒకరోజు ఒకావిడ మీద నేను నిజంగానే అరిచాను. వరస తప్పించి బిడ్డని లోపలికి పంపమంటే, కుదరదన్న మాట కుదరదన్నట్టుగా చెప్పకుండా ఆవిడ పెంపకం దాకా వెళ్లాను. ఫిర్యాదు యజమాని దాకా పోయింది. మేనేజరు నన్ను పిలిచాడు. "నీ పనికి వంక లేదు. నీ మాటతోనే చిక్కు. ఇంకొక్కటి వస్తే నేను ఆపలేను" అన్నాడు.

ఎక్స్‌రే గదిలో ఒక మలయాళీ పిల్ల ఉండేది. నా మొహం చూసి జాలిపడి, నా ఫోనులో ఏఐ యాప్ వేసి పెట్టింది. ఏం చెప్పాలనుకుంటున్నారో అందులో రాయండి, ఎలా చెప్పాలో అది చెబుతుంది అంది. మొదటిసారి నేను అందులో రాసింది నాకింకా గుర్తే: "నా మీద ఫిర్యాదు చేసిన ఈ ఆడమనిషికి జన్మలో మర్చిపోకుండా బుద్ధొచ్చేలా, కానీ నా ఉద్యోగం పోకుండా, ఒక జవాబు రాసిపెట్టు." అది జవాబు రాయలేదు. "మీ మాట విన్నాక ఆమె ఏం చేయాలని మీరు కోరుకుంటున్నారు?" అని అడిగింది.

నాకు భలే కోపం వచ్చింది. అడిగింది చెప్పకుండా ఎదురు ప్రశ్నా? తెరమీదే దానితో వాదనకి దిగాను. వాదిస్తూ వాదిస్తూ ఆగిపోయాను. ఆవిడ ఏం చేయాలని నా కోరిక? ఏమీ లేదు. నేను గెలవాలి, అంతే. చిన్నప్పటినుంచి ఇంతమందితో వాదించాను గాని, ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్లు లేరు. నన్ను నేనూ ఎప్పుడూ అడగలేదు.

ఆ యంత్రాన్ని తిట్టిపోసే పెద్దవాళ్ల గుంపులో నన్ను కలపకండి. దాని దగ్గర నేను నేర్చుకున్నది ఉంది. జహ్రా నుంచి ఒక ముసలావిడ ప్రతిసారీ తన రోజు కాని రోజున వచ్చి గొడవ పెట్టేది. నేనూ గొడవపడేదాన్ని. ఆవిడ గురించి యాప్‌లో రాస్తే, "ఆమె ఆ రోజే ఎందుకు వస్తోందో ఎప్పుడైనా అడిగారా?" అంది. అడగలేదు. ఆవిడ మళ్లీ వచ్చినప్పుడు అడిగాను. మనవల్ని తిప్పే పని లేని ఆ ఒక్క రోజు తప్ప ఇంటి డ్రైవరు ఆవిడకి దొరకడట. ఆ రోజుకే టైము మార్చి ఇచ్చాను. ఆ తర్వాత ఆవిడ వస్తూ వస్తూ ఖర్జూరాలు తెచ్చేది, నా బుగ్గ నిమిరేది. అడగడం, అడిగాక ఆగడం, విన్నది మళ్లీ చెప్పి సరేనా అనడం, ఈ మూడూ నాకు నడివయసులో ఒక ఫోను నేర్పింది. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆ ముసలావిడతో నేను నెమ్మదిగా మాట్లాడుతుంటే టీ కప్పులు తీయడానికొచ్చి మన రాయచోటి మహాతల్లి నోరు తెరుచుకుని నిలబడింది. ఆవిడ అటు వెళ్లగానే ఇటు మొదలుపెట్టింది.

"యేంది గోదారమ్మా, పంటి డాక్టరు నీ నాలిక గూడా పీకేసినాడా?"

"నోరు మూసుకుని కప్పులు తియ్యి. ఇది కొత్త పద్ధతి. ఏఐ."

"అదేమో గాని, నాతో గూడా ఇట్లనే మాట్లాడతావా యేంది?"

"నీకంత అదృష్టమా? నీకు తిట్లే."

"ఆఁ, అట్ల చెప్పు" అంది ట్రే చంకన పెట్టుకుని. "ఇప్పుడు పానం కుదుటపడింది."

ఇది నేను మర్చిపోలేదు. మర్చిపోయానని పేరంటాల్లో అంటారే, అదీ అబద్ధమే.

ఆ సంవత్సరం చలికాలం మొదలయ్యే వేళకి ఆసుపత్రి కాంట్రాక్టు ఇంకో కంపెనీకి పోయింది. పాత కంపెనీ తన ఆడవాళ్లని వేరే చోట్లకి పంపేస్తుంది. ఆమె నా బల్ల ముందుకొచ్చి నిలబడింది. ఆ రోజు టీ తేలేదు.

"నన్ను ఇండ్లకి పంపిస్తారంట" అంది.

ఆమె భయం నాకు తెలుసు. ఈ ఆసుపత్రికి రాకముందు ఆమె జహ్రాలో ఒక ఇంట్లో చేసింది. వాళ్లు కొట్టలేదు, తిండి పెట్టకుండా మాడ్చలేదు. చెడ్డవాళ్లు కారని, మామా, అంటే ఇంటి యజమానురాలు, మంచిదేనని ఆమే చెప్పేది. "మంచోళ్లే. కానీ తెల్లారితే మామా, పొద్దుగూకితే మామా. నా తలుపు అని ఒగటి ల్యాకపాయ. ఏడుపొస్తే బాత్రూములోకి పోవాల, ఆడా పిలుస్తారు." ఇక్కడైతే శుక్రవారం సెలవు. బసలో తమ ఊరివాళ్లతో కలిసి సంగటి గెలుక్కుని, ఊరుబిండి నూరుకుని, తలుపు వేసుకుని పడుకుంటే ఎవరూ లేపరు. ఆమెకి కావలసింది ఆ శుక్రవారం, ఆ తలుపు. అంతకంటే ఏమీ అడగలేదు.

దారి ఒకటి ఉంది. ఆసుపత్రే ఆమెని సొంతంగా తీసుకోవాలి, పాత కంపెనీ ఆమెని వదలాలి. రెండూ మేనేజరు అడిగితే అయ్యే పనులు. మేనేజరుని అడగాల్సింది నేను.

"చూస్తా పోవే, మొహం అలా పెట్టకు, రోగుల పళ్లు వాటంతటవే రాలిపోతాయి" అన్నాను. తిట్టాను కాబట్టి కొంచెం తేరుకుంది.

అంతకుముందైతే ఆ క్షణమే మేనేజరు గదిలోకి దూరి, కంపెనీలు మనుషుల్ని సామాన్లలా మారుస్తున్నాయని ఉపన్యాసం ఇచ్చి, కాదనిపించుకుని వచ్చేదాన్ని. ఈసారి అలా చేయలేదు. ఫోను తీసి, "నువ్వు మా మేనేజరువి. నేను అడుగుతాను, నువ్వు కాదను" అన్నాను. అది కాదంది. మర్యాదగా, రకరకాలుగా కాదంది. ప్రతిసారీ నాకు కోపమొచ్చింది, ప్రతిసారీ ఓడిపోయాను. చివరికి అది ఒక మాట చెప్పింది: మీరు అన్యాయం దగ్గర మొదలుపెడుతున్నారు, అన్యాయాన్ని సరిచేయడం ఆయన చేతిలో లేదు, ఆమె వెళ్లిపోతే ఆయనకి ఏం తగ్గుతుందో అక్కడ మొదలుపెట్టండి. ఇంట్లో అంట్లు తోముతూ, బస్సులో వస్తూ సాధన చేశాను. మా ఆయన "ఎవరితో మాట్లాడుతున్నావ్?" అంటే "మా మేనేజరుతో" అనేదాన్ని. ఆయన భయపడి ఊరుకునేవాడు.

ఆ రోజు మేనేజరు గదిలో తలుపు వేసి కూర్చున్నాను. గొంతు పెంచలేదు. "చిన్నపిల్లలు కుర్చీ ఎక్కనని ఏడిస్తే మీరు ఎవర్ని పిలుస్తారు?" అని అడిగాను. ఆయన నవ్వాడు. ఎవర్ని పిలుస్తారో ఆయనకీ తెలుసు, డాక్టర్లకీ తెలుసు. ఆమె వచ్చి, ఆ పిల్లలకి రాని తెలుగులో ఏదో గొణుగుతూ అరికాళ్లు నిమిరితే ఏడుపు ఆగేది. "వచ్చే వారం నుంచి ఎవర్ని పిలుస్తారు?" అన్నాను. అక్కడ ఆగాను. ఆగడం ఎంత కష్టమో నోరున్నవాళ్లకే తెలుస్తుంది. నాలుక మీద ఇరవై మాటలు తన్నుకుంటున్నాయి. మింగాను.

ఆయన "సరే, యజమానితో మాట్లాడతాను. అవుతుందనే అనుకుంటున్నాను" అన్నాడు. నేను లేస్తుంటే వేలు చూపించాడు. "కానీ సంతకం పడేదాకా ఎవరికీ మాట ఇవ్వొద్దు. తీరా కాకపోతే ఆమె నా గుమ్మం దగ్గర ఏడుస్తూ కూర్చుంటే నేను చూడలేను."

నా జీవితంలో అరవకుండా గెలిచిన మొదటి వాదన అది. బల్ల దగ్గరికి వచ్చేసరికి కాళ్లు నేలమీద లేవు. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకునే మనిషి ఆ రోజు డ్యూటీలో లేదు. కంపెనీ వాళ్లందర్నీ బసకి పిలిపించింది. ఫోను చూస్తే ఆమె వాయిస్ మెసేజ్ ఉంది.

"గోదారమ్మా, ఈ పొద్దే చెప్పాలంట. కబ్ద్‌లో యాదో తోట ఇల్లంట, ఇంటోళ్లు చలికాలమంతా ఆడనే ఉంటారంట. వ్యాన్ వచ్చేస్తాది అంటాండారు. నేను పోనని గట్టిగా చెప్పల్లంటే నాకు ధైర్నం కావాల. ఉండమంటే ఉంటా. నువ్వు ఒగ మాట చెప్పు. దబ్బున చెప్పు."

నా ముందు బల్లకి అటువైపు జనం. ఒకరికి ఫైలు కావాలి, ఒకరికి బిల్లు కావాలి, ఒక పిల్లవాడు ఏడుస్తున్నాడు. చెవిలో మేనేజరు మాట, ఎవరికీ మాట ఇవ్వొద్దు. పొద్దున్నే ఒక మాట సరిగ్గా చెప్పి గెలిచిన గర్వం తలకెక్కి ఉంది. ఇదీ సరిగ్గా చెప్పాలనుకున్నాను. ఏఐలో రాశాను: "ఆమె కంగారు పడకూడదు, నేను మాట ఇచ్చినట్టూ ఉండకూడదు." క్షణంలో ఇచ్చింది. చదివాను. వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆమె కూడబలుక్కుని చదివే మనిషి కాబట్టి, ఆ ముక్కనే నా గొంతుతో చదివి పంపాను.

"నీ విషయం నేను ఈ రోజు పైవాళ్లతో మాట్లాడాను. వాళ్లు పరిశీలిస్తున్నారు. నిర్ణయం రావడానికి కొంచెం సమయం పడుతుంది. నువ్వు ఏ నిర్ణయం తీసుకున్నా నేను అర్థం చేసుకుంటాను. ధైర్యంగా ఉండమ్మా."

ధైర్యంగా ఉండమ్మా! నేను! ఆమెతో!

కాసేపటికి జవాబొచ్చింది. ఒక్క ముక్క. "సరే మేడమ్." జనం ఒత్తిడిలో ఆ మేడమ్ నాకు వినబడలేదు. వినబడినా, చూశావా దానిక్కూడా మర్యాద అబ్బింది అనుకుని ఉంటాను.

బసలో ఏం జరిగిందో తర్వాత ఆ గదిలోనే ఉన్న ఒకమ్మాయి చెప్పింది. నా మెసేజ్ అందరూ వినేలా పెట్టిందట.

"తిట్టల్యా?" అని ఒకామె అడిగిందట.

"ల్యా."

"మళ్లీ పెట్టు. యాడన్నా ఒగ మాటన్నా తిట్టిందేమో."

మళ్లీ పెట్టిందట. మళ్లీ విన్నారట. "ఉండమ్మా అంటాండాది" అందట ఆమె. "ఇన్నేండ్లలో నన్ను అమ్మా అన్న్యాది ల్యా. ఖలాస్." లేచి చీరలు మడత పెట్టుకుందట.

సంతకం పడింది. ఆమె వెళ్లాక పడింది. మేనేజరు స్వయంగా నా బల్ల దగ్గరికొచ్చి "నీ మనిషిని రమ్మను" అని నవ్వుతూ చెప్పాడు. అప్పుడు ఫోను చేశాను. ఎత్తలేదు. కంపెనీవాళ్లు చెప్పారు, వ్యాన్ ఎప్పుడో వెళ్లిపోయింది, కబ్ద్‌వాళ్లు కాగితాలు మార్పించేసుకున్నారు. ఇంటి వీసా పడ్డాక బయటికి రావడం కఫీల్, అంటే ఆ వీసా ఇచ్చిన యజమాని, దయ. మేనేజరు ప్రయత్నించాడు. ఆమెని వదిలేది లేదన్నారు వాళ్లు. అంత బాగా పనిచేసే మనిషిని ఎవరు వదులుతారు?

ఇక్కడ పేరంటం కథకి రెండో భాగం ఉంది. కొంచెం తెలిసినవాళ్లు చెప్పేది. "ఏఐని నమ్ముకుని మనిషిని పోగొట్టుకుంది పాపం." ఇదీ నేను ఒప్పుకోను. అది నేను అడిగిందే ఇచ్చింది. మాట ఇచ్చినట్టు ఉండకూడదన్నాను, లేదు. కంగారు పెట్టకూడదన్నాను, పెట్టలేదు. ఆ ఆనవాలు గురించి దానికి నేను చెప్పలేదు, అది ఎలా కనిపెడుతుంది? సరే, తప్పంతా నీదేనా అంటారు. అలా నెత్తిన వేసుకునే రకాన్ని కూడా కాదు నేను. మాట ఇవ్వొద్దన్నది మేనేజరు. వ్యాన్ తెచ్చింది కంపెనీ. ఆమె మాత్రం? ఒక్కసారి ఫోను చేసి, "యేందే ఈ మాటలు, జరమొచ్చిందా నీకు?" అని అడగకూడదా? అన్నేళ్లు నన్ను అడిగిన మనిషి, అడగాల్సిన రోజున చీరలు మడతపెడుతుందా?

చూశారా, ఇప్పటికీ ఆమెతోనే పోట్లాడుతున్నాను.

ఆ చలికాలంలోనే ఒక శుక్రవారం మా ఆయన్ని కారు తీయమన్నాను. రాగిపిండి మూటకట్టుకుని కబ్ద్ వెళ్లాను. ఇసుకలో కంచెలు, కంచెల వెనక తోటలు, మేకలు, నీళ్ల ట్యాంకులు. అడుగుతూ అడుగుతూ గేటు కనుక్కున్నాం. ఆ ఇంటి మామా మంచావిడే. నేను ఎవరో చెబితే లోపలికి పిలిచి, బయట వేసిన గుడారంలో తివాచీ మీద కూర్చోబెట్టింది. చాయ్ తెమ్మని లోపలికి కేకేసింది. చక్కెర ఎంత అని నన్ను అడిగింది. తక్కువ అన్నాను, ఎప్పటిలాగే.

ఆమె ట్రే పట్టుకుని వచ్చింది. చిక్కలేదు, నల్లబడలేదు. బట్టలు శుభ్రంగా ఉన్నాయి. నన్ను చూసి ఆగలేదు, ఉలిక్కిపడలేదు. వంగి కప్పు నా ముందు పెట్టింది.

"బాగుండారా మేడమ్?"

"బాగానే ఉన్నా. నువ్వు?"

"దేవుని దయ మేడమ్."

కప్పు ఎత్తి ఒక గుక్క తాగాను. చక్కెర తక్కువగా ఉంది. నేను అన్నేళ్లు మొత్తుకున్నంత తక్కువగా, సరిగ్గా నా నోటికి కుదిరేలా ఉంది.

కప్పు కింద పెట్టి, గొంతులోకి పాత కారం తెచ్చుకుని, "ఇది టీనా? కుడితి!" అన్నాను. ఆమె మొహంలోకి చూస్తూ కూర్చున్నాను. ఒక్క మాట. పులస అను, గోదారి అను, నా నోటి చేదు అను. ఏదైనా అను.

"తప్పైంది మేడమ్" అంది. "మళ్లా పెట్టుకొస్తా."

"వద్దు" అన్నాను. సంతకం సంగతి చెప్పాను. అది అయ్యిందనీ, నేను తిట్టలేదు గాని మేనేజరు కాదనలేదనీ చెప్పాను. ఆమె తల వంచుకుని అంతా విన్నది. రాగిపిండి మూట రెండు చేతులతో తీసుకుని, "మీకు శ్రమ" అంది. లోపల పసిబిడ్డ ఏడుపు వినబడింది. మామా తలెత్తేలోగా ఆమె వెళ్లిపోయింది. కాసేపటికి ఏడుపు ఆగింది. అరికాళ్లు నిమిరి ఉంటుంది.

తిరిగొస్తూ కారులో ఏడ్చాను. మా ఆయన అన్నాడు: "పక్కన వాళ్ల మామా కూర్చుని ఉంది కదే. ఆవిడ ముందు నీతో ఎలా దెబ్బలాడుతుంది?"

"మామాకి తెలుగు రాదు."

"తెలుగు రాకపోతే గొంతు తెలీదా? మీ ఇద్దరి గొంతులు వింటే, రానివాళ్లే ఎక్కువ భయపడతారు."

కావచ్చు. ఆయన చెప్పిందే నిజం కావచ్చు. మళ్లీ ఒకసారి వెళ్లి, ఎవరూ లేనప్పుడు అడుగుదామనుకున్నాను. ఎండలు ముదిరాక వెళితే గేటుకి తాళం ఉంది. ఇంటోళ్లు ఊళ్లోకి మారారని పక్క తోటవాళ్లు అన్నారు, ఆమె దేశం వెళ్లిపోయిందన్నారు. ఆ నంబరు పనిచేయడం లేదు. రాయచోటి పక్క పల్లె అంటే ఎన్ని పల్లెలు?

ఆ తర్వాత కొంతకాలానికి నేను ఉద్యోగం మానేశాను. వెళ్లేటప్పుడు మేనేజరు అందరి ముందూ నా మాటతీరు మెచ్చుకున్నాడు. ఇప్పుడు నా బల్ల దగ్గర మనిషి లేదు, ఒక తెర ఉంది. దానికి తిట్లు రావు. మంచిదే, ఫిర్యాదులూ రావు.

ఏఐని నేను మానలేదు. మా అబ్బాయి మామగారికి చెప్పాల్సిన మాటలు, ఫ్లాటు యజమానికి చెప్పాల్సిన మాటలు ఇప్పటికీ దానితోనే సరిచూసుకుంటాను. ఒక్కోరోజు పొద్దున్న టీ పెట్టుకుని దానికి రాస్తాను: "నువ్వు రాయచోటి మనిషివి. నాకు టీ తెచ్చావు. నేను కుడితి అన్నాను. నన్ను తిట్టు." పాపం, ప్రయత్నిస్తుంది. యాస కూడా కాస్త పట్టుకుంటుంది. తిట్టేసి, చివర్లో ఇదంతా సరదాకే అంటుంది, మీ మనసు నొప్పిస్తే క్షమించమంటుంది. దానికి ఎలా చెప్పను, క్షమించమనని మనిషి కావాలని? నా టీలో నేనే రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేసుకుంటున్నాను. డాక్టరు వద్దంటున్నాడు. అయినా ఆ రుచి రావడం లేదు.

ఇది అచ్చేసే మన తెలుగు సంఘం పుస్తకాలు ఊళ్లకి కూడా వెళతాయంటారు. ఏ చేతుల మీదుగానో ఇది ఆమె ఊరు చేరితే, కూడబలుక్కుని చదువుతుందో, ఎవరిచేతైనా చదివించుకుంటుందో. అందుకని ఈ చివరి మాట ఏ యంత్రానికీ చూపించకుండా రాస్తున్నాను.

ఏమే సంగటి ముద్దా, కబ్ద్‌లో ఆ రోజు నా టీలో చక్కెర నేను అడిగినంతే ఎందుకు వేశావే?